వీధి కింద వాగు

ఆ ఉదయం చిట్టి వంటింటి గట్టు మీద పనిసంచీ బోర్లించి వాషర్లు ఏరుకుంటుంటే, కిటికీ పక్క కుర్చీలో కూర్చున్న అమ్మ అప్పటికి మూడోసారి అంది.

"మీ అన్నయ్య ఫోన్ చేశాడు."

"విన్నానమ్మా."

"ఆదివారం వస్తారట, వాడూ మీ వదినా."

"రానీ. వాళ్ళ ఇల్లు కూడా కదా ఇది."

"ఊరికే రావడం లేదు. ఎవరో లెక్కల మేస్టారట. భార్య పోయి మూడేళ్ళయిందట. నెమ్మదస్తుడని చెబుతున్నాడు."

చిట్టి ఓ వాషర్ని వెలుతురుకి ఎత్తి చూసింది. పగులు కనిపించింది. చెత్తబుట్టలో పడేసి మరొకటి తీసుకుంది. ఆమెకి ముప్ఫై ఎనిమిదేళ్ళు. నాన్న దగ్గర పైపుల పని నేర్చుకుంది, నాన్న పోయాక ఆ సంచీ ఆమె భుజానికెక్కింది. వీధిలో అందరూ పంపులమ్మ అంటారు. కుళాయి కారితే నీళ్ళ ఆఫీసుకి కాదు, ముందు ఈ ఇంటికే పరిగెత్తుకొస్తారు.

"వింటున్నావా?" అంది అమ్మ.

"నెమ్మదస్తుడు. విన్నాను."

మేడ మెట్ల మీద అడుగుల చప్పుడైంది. అమ్మ మాట ఆపేసి, బాగున్న కుడిచేత్తో జుట్టు సవరించుకుంది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినప్పటి నుంచి, ఎనిమిది గంటలకి ఆ అడుగుల చప్పుడు వినిపిస్తే అమ్మ ముఖంలో ఓ తయారీ కనిపిస్తుంది.

మేడ మీద గదిలో అద్దెకున్నాయన గుమ్మంలో నిలబడ్డాడు. పొడుగ్గా, నలభై దాటినట్టు ఉంటాడు. చేతిలో అమ్మ ఊతకర్ర.

"ఇవాళ ఎన్ని స్తంభాలమ్మగారూ?"

"నిన్న పదకొండో కరెంటు స్తంభం దాకా వెళ్ళాం. ఇవాళ పన్నెండు. నీకు ఓపిక లేకపోతే చెప్పు, వేరే మనిషిని చూసుకుంటాను."

"నాకేం, మీకుంటే నాకూ ఉన్నట్టే."

అమ్మ ఎడమచేతిని ఆయన తన భుజం మీదికి వేసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆయన చిట్టి వైపు చూడలేదు. చూడకూడదని గట్టిగా అనుకుని చూడకపోవడమది. చిట్టి కూడా వాషర్ల మీంచి తలెత్తలేదు.

ఆయన ఆ గదిలోకి వచ్చి రెండేళ్ళు దాటింది. నీటి సరఫరా ఆఫీసులో పని. భూమిలో పైపు ఎక్కడ కారుతోందో, ఇనుప కడ్డీ ఒక కొస నేలకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని విని చెబుతాడు. అంత బాగా వినే మనిషి మాట్లాడటానికి మాత్రం పిసినారి. మీదే ఊరని అడిగితే "ఇక్కడే" అన్నాడు. మీ వాళ్ళెవరంటే "ఎవరూ లేరు" అన్నాడు. ఇంకేమైనా అడిగేలోపు మెట్లెక్కేశాడు. అమ్మ ఆయనకి తాళంకప్ప అని పేరు పెట్టింది.

ఇద్దరికీ మాటలు కలిపింది పనే. ఓ దర్జీ దుకాణంలో గోడ చెమ్మగిల్లితే చిట్టి రెండుచోట్ల గోడ పగలగొట్టి కూడా కారేచోటు పట్టుకోలేకపోయింది. దుకాణంవాడు మూడోచోటికి ఒప్పుకోక ఆఫీసుకి కబురు పెట్టాడు. ఆయన వచ్చి, కడ్డీ ఆనించి, కళ్ళు మూసుకుని, "ఇక్కడ కాదు. నాలుగడుగులు కిందికి," అన్నాడు. చిట్టికి ఒళ్ళు మండింది. "ఎలా తెలుసు?" అంది. ఆయన కడ్డీ ఆమె చేతికిచ్చాడు.

"వినండి. నీళ్ళ మాట వేరు, గాలి మాట వేరు. సన్నగా ఈల వేసినట్టుంటే అదీ."

ఆమె వింది. మొదట తన గుండె చప్పుడే వినిపించింది. తర్వాత ఎక్కడో లోతున సన్నటి ఈల. ఆమె ముఖం విప్పారడం చూసి ఆయన తొందరగా తల తిప్పుకున్నాడు.

అప్పటి నుంచి పని మీద ఎక్కడో ఒకచోట కలుస్తూనే ఉన్నారు. ఆయన మాటలు రెండు నుంచి నాలుగయ్యాయి, నాలుగు నుంచి పదయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం గేటు పక్కన కూర్చుని టీ తాగుతుంటే, "మీ చేతి మీద ఆ మచ్చ ఎలా వచ్చింది?" అని అడిగాడు. తాళంకప్ప తనంతట తాను ప్రశ్న అడగడమంటే మాటలు కాదు. చిట్టి ఆ చిన్న కాలినమచ్చ గురించి పావుగంట చెప్పింది. ఆయన పావుగంటా విన్నాడు. ఇంటికొచ్చాక తనని ఎవరూ అలా విని ఎన్నేళ్ళయిందా అని లెక్కేసుకుంటే, లెక్క తేలలేదు.

ఆమెకి ఒకసారి పెళ్ళయింది. నాలుగేళ్ళకి ఆ మొగుడు ఇంకెవరితోనో వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు కూడా గొళ్ళెం పెట్టుకునే ఉంది. కాకపోతే ఆమె గలగలా మాట్లాడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

ఆయన ఎవరో తెలిసింది గోతిలో.

వీధి మలుపులో పెద్ద పైపు పగిలింది. ఆఫీసు వాళ్ళొచ్చేలోపు ఇళ్ళలోకి నీళ్ళొస్తాయని చిట్టి గోతిలోకి దిగి వాల్వు కట్టేయబోయింది. పక్క మట్టి విరిగిపడింది. కాలు పైపు కింద ఇరుక్కుంది. నీళ్ళు నడుం దాటి ఛాతీకొచ్చాయి. పైన జనం కేకలేస్తున్నారు కానీ దిగేవాళ్ళు లేరు. అప్పుడాయన పరిగెత్తుకొచ్చి గోతి అంచున బోర్లా పడుకుని, నీళ్ళలో చెయ్యి పెట్టి ఏదో అన్నాడు. కోపంగా కాదు, ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టు. నీళ్ళు ఆగిపోయాయి. మెల్లగా దిగిపోయాయి కూడా. అప్పుడు నలుగురు దిగి ఆమె కాలు విడిపించారు. వాల్వు కట్టేసిందనుకుని జనం పంపులమ్మని మెచ్చుకున్నారు. కానీ వాల్వు ఆమె చేతికి అందనేలేదు.

ఆ తర్వాత ఎనిమిది రోజులు ఆయన ముఖం చాటేశాడు. పొద్దున్న అమ్మని నడిపించడం, ఆఫీసుకి పోవడం, రావడం, తలుపు వేసుకోవడం. తొమ్మిదో రోజు సాయంత్రం చిట్టి మెట్లెక్కి, లోపలికి పోకుండా పై మెట్టు మీద కూర్చుంది.

"వాల్వు నేను తిప్పలేదు," అంది.

తలుపు అవతల గొళ్ళెం తీసిన చప్పుడైంది. తర్వాత తలుపు తెరుచుకుంది. ఆయన గడప దగ్గరే నేల మీద కూర్చున్నాడు.

"ఈ వీధి కింద ఒక వాగుంది. మీరు పుట్టకముందు పైకే పారేది. తర్వాత దాని మీద రాతిపలకలు పరిచి రోడ్డేశారు. ఆ వాగుకి దేవుణ్ణి నేను."

చిట్టికి నవ్వు రాలేదు. జోరువానలో నడిచొచ్చినా మెట్ల మీద ఆయన తడి అడుగు ఒక్కటీ పడకపోవడం గుర్తొచ్చింది.

"మనిషిని కానని ముందే చెప్పాల్సింది," అన్నాడాయన.

"అనుమానం ఉండనే ఉంది. మనిషైతే రెండేళ్ళలో ఒక్కసారైనా మా అమ్మ మీద విసుక్కునేవాడు."

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. అప్పుడు చెప్పాడు, ఎవరికీ చెప్పని సంగతి. చాలాకాలం కిందట, వాగు ఒడ్డున ఇల్లున్న ఒకావిడతో పద్దెనిమిదేళ్ళు కలిసి ఉన్నాడు. ఆవిడ రొట్టెలు కాల్చి అమ్మేది. ఆవిడ జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు పట్టేశాయి. ఆయన మాత్రం ఇలాగే ఉన్నాడు. ఒకరోజు పొయ్యి దగ్గర నుంచి లేవలేక ఆవిడ చెయ్యి అందించమంది.

"అందించాను. ఆ చెయ్యి ఎంత తేలికైపోయిందో అప్పుడు తెలిసింది. ఆవిడ పోవడం చూడలేననిపించింది. ఆ సాయంత్రమే వాగులోకి దిగిపోయాను. ఎన్నాళ్ళున్నానో తెలియదు. పైకొచ్చేసరికి ఆ ఇంట్లో వేరేవాళ్ళున్నారు." తల వంచుకుని అన్నాడు, "అందుకని నన్ను నమ్మకండి."

"నేను మిమ్మల్ని ఏమీ అడగలేదే."

"అడుగుతారేమోనని భయం."

చిట్టి లేచి నిలబడి బట్టలు దులుపుకుంది. రెండు మెట్లు దిగింది. వెనక నుంచి ఆయన గొంతు మళ్ళీ వినిపించింది, మరీ చిన్నగా.

"అడగరేమోననీ భయమే."

ఇది జరిగి ఐదు వారాలు. ఆమె అడగలేదు. ఆయన చెప్పలేదు. కానీ ఆ ఐదు వారాల్లో మెట్ల దగ్గర ఎదురుపడితే ఇద్దరూ పక్కకి తప్పుకుని, మీరు ముందంటే మీరు ముందని నిలబడిపోయేవారు. అలా ఎంతసేపు నిలబడ్డారో కిటికీ పక్క కుర్చీలోంచి అమ్మ చూస్తూనే ఉంది.

ఆదివారం అన్నయ్యా వదినా పదింటికే వచ్చారు. అన్నయ్య బస్సు డిపోలో సూపర్‌వైజరు. చెల్లెలంటే ప్రాణం, కానీ ఆ ప్రాణాన్ని కూడా డిపోలో బస్సుల్ని పంపినట్టు వేళకి పంపాలనుకుంటాడు. కూర్చుంటూనే మొదలుపెట్టాడు.

"మేస్టారితో మాట్లాడాను. వచ్చే ఆదివారం వస్తానన్నారు. ఒక్కసారి చూడు. నచ్చకపోతే బలవంతం లేదు."

"వద్దన్నయ్యా."

"చూడకుండానే వద్దంటే ఎలా?"

వదిన మెల్లగా అంది, "చిట్టీ, అడగక తప్పడం లేదు. మేడ మీదాయనకీ నీకూ ఏదో ఉందని వీధిలో అనుకుంటున్నారట. నిజమేనా?"

చిట్టి అవుననలేదు, కాదనలేదు. ఆ మౌనం చూసి అన్నయ్య లేచాడు. మెట్ల దగ్గరకెళ్ళి, "ఏమండీ, ఒకసారి కిందికొస్తారా?" అని పిలిచాడు. ఇన్నాళ్ళూ అన్నయ్య ఎప్పుడొచ్చినా ఆయన ఆఫీసులోనే ఉండేవాడు. ఇద్దరూ ఎదురుపడటం అదే మొదలు.

ఆయన దిగొచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు.

"మా చెల్లెలికి ఒకసారి దెబ్బ తగిలింది. మళ్ళీ తగలనివ్వను. అందుకని సూటిగా అడుగుతున్నాను. మీదే ఊరు? మీ వాళ్ళెవరు? రెండేళ్ళుగా ఎవరడిగినా చెప్పరట, ఎందుకని?" అంటూ అన్నయ్య ఆయన ముఖంలోకి చూశాడు. చూస్తూ చూస్తూ గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని నేనెక్కడో చూశాను."

"చూశారు," అన్నాడాయన. "మీకు ఏడేళ్ళప్పుడు. వాగు మీద పలకలు పరుస్తున్నారు. మీరు కాలు జారి సందులోంచి పడ్డారు."

అన్నయ్య చెయ్యి కుర్చీ కోసం వెతుక్కుంది.

"నీళ్ళ మీద నిలబడి ఎవరో నన్ను పైకెత్తారు," అన్నాడు నెమ్మదిగా. "ఇదే ముఖం. ఇంటికొచ్చి చెబితే అమ్మ అబద్ధాలాడుతున్నావని కొట్టింది. వాగులో పడితే బట్టలు పొడిగా ఎందుకున్నాయని అడిగి మరీ కొట్టింది."

అమ్మ చూపు నేలకి దించుకుంది.

ఆయన అప్పుడు దాచకుండా చెప్పాడు. తనెవరో, ఎక్కడివాడో, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదో. నలభై ఏళ్ళుగా లోపల పెట్టుకున్న ప్రశ్నకి జవాబు దొరికినవాడికి నమ్మడానికి ఎక్కువసేపు పట్టలేదు. కానీ నమ్మాక అన్నయ్య ముఖం ఇంకా వాడిపోయింది.

"నా ప్రాణం కాపాడారు. మీకు దణ్ణం పెడతాను. కానీ అలాగైతే ఇది మరీ కుదరదు. నలభై ఏళ్ళకి మీ ముఖం మీద ఒక గీత పడలేదు. ఇంకో ముప్ఫై ఏళ్ళకి మా చెల్లెలు మంచాన పడితే, మీరు ఇలాగే నిలబడి ఉంటారు. అప్పుడు దాని పక్కన ఉంటారని నమ్మకమేంటి?"

"లేదు," అన్నాడాయన. "ఒకావిడ ముసలితనం చూడలేక ఒకసారి అలాగే వదిలేసి పారిపోయాను. మీరు చెప్పింది నిజం. నేను ఇంకో ఇల్లు చూసుకుంటాను."

ఆయన మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పైన పెట్టె లాగుతున్న చప్పుడు వినిపించింది.

చిట్టి అన్నయ్య వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"నా ముసలితనం గురించి అందరూ మాట్లాడుకున్నారు. నన్నెవరూ అడగలేదు. అన్నయ్యా, మొదటిసారి నాకు మనిషినే చూశావు. వాళ్ళ ఊరు తెలుసు, వాళ్ళ తాతలు తెలుసు, ఏ వీధిలో ఎన్నో ఇల్లో తెలుసు. నాలుగేళ్ళకి వెళ్ళిపోయాడు. అన్నీ తెలిసినవాడు చెప్పకుండా పోయాడు. పోతానేమోనని ముందే చెప్పి భయపడుతున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను."

అన్నయ్య తలదించుకున్నాడు. వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పుడు అమ్మ కుర్చీలోంచి అంది.

"నన్ను మెట్ల దాకా తీసుకెళ్ళండి."

"ఎందుకమ్మా?"

"తీసుకెళ్ళమంటుంటే."

అన్నయ్యా చిట్టీ చెరోవైపు పట్టుకుని తీసుకెళ్ళారు. అమ్మ మొదటి మెట్టు మీద కూర్చుని పైకి చూసింది.

"తాళంకప్పా, ఒకసారి దిగు నాయనా. నీ పెట్టె ఎక్కడికీ పోదు."

అమ్మ ఆ పేరుతో ఆయన్ని ఎదురుగా ఎప్పుడూ పిలవలేదు. ఆయన దిగొచ్చాడు. పై మెట్ల మీద నిలబడిపోయాడు.

"నాలుగు నెలల కిందట," అంది అమ్మ, ఎవరి వైపూ చూడకుండా. "చిట్టి ఊరవతల పనికెళ్ళింది. నాకు కడుపు పాడైంది. లేవలేకపోయాను. పక్కంతా పాడైంది. పిలుద్దామంటే సిగ్గు. పిలవకుండానే ఇతను వచ్చాడు. నీళ్ళు వేడి చేశాడు. నన్ను కడిగాడు. పక్కబట్టలు ఉతికి మేడ మీద ఆరేశాడు. కాలిగోళ్ళు కూడా తీశాడు ఆ రోజు. ఒక్కసారి ముఖం తిప్పుకోలేదు. ముక్కు చిట్లించలేదు. చిట్టికి చెప్పొద్దన్నాను, చెప్పలేదు." అమ్మ తలెత్తి ఆయన వైపు చూసింది. "చెప్పుకోలేక ఇన్నాళ్ళూ ఊరుకున్నాను. ముసలితనమంటే ఇది నాయనా. జుట్టు తెల్లబడటం కాదు. నువ్వు చూడలేనంటున్నది నువ్వు చూసేశావు. చేతులతో కడిగావు. పారిపోయావా?"

ఆయన రెయిలింగు పట్టుకున్నాడు. నేలలో ఏదో వింటున్నట్టు తల వంచాడు.

"మీరు ముసలివాళ్ళని ఆ రోజు నాకు తోచలేదు," అన్నాడు చివరికి. "మీరు చలికి వణుకుతున్నారు. నీళ్ళు తొందరగా కాగాలనే తోచింది."

"అంతే మరి. ఎవరికైనా అంతే తోచాలి."

ఆయన ఉన్నచోటే మెట్టు మీద కూర్చుండిపోయాడు. ముఖం చేతుల్లో దాచుకున్నాడు. దేవుడు ఏడవడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు, ఎటు చూడాలో తెలియక అన్నయ్య చెప్పుల వైపు చూశాడు. చిట్టి మాత్రం అమ్మ పక్కనుంచి దాటి పైకెక్కి, ఆయనకి రెండు మెట్ల కింద నిలబడింది. పొట్టి మనిషి కావడం వల్ల ఇద్దరి కళ్ళూ సరిగ్గా ఎదురెదురుగా వచ్చాయి.

"ఇప్పుడడుగుతున్నాను. ఉంటారా?"

"ఉంటాను." ఆయన చేతులు తీసేశాడు. "భయపడుతూనే ఉంటాను."

"భయపడండి. ఎంత కావాలంటే అంత. భయపడుతూ ఇక్కడే ఉండండి."

ఆయన చెయ్యి చాపాడు. రెండేళ్ళలో మొదటిసారి. చిట్టి పట్టుకుంది. ఆ చెయ్యి వాగునీళ్ళలా చల్లగా ఉంటుందనుకుంది కానీ, మామూలుగా, వెచ్చగా, కడ్డీ పట్టుకుని పట్టుకుని కాయలు కాచి ఉంది.

కింద వదిన కళ్ళు తుడుచుకుని గొంతు సవరించుకుంది. "అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పెళ్ళి రిజిస్టరు చేసేటప్పుడు ఫారంలో వయసు అడుగుతారు. అక్కడేం రాస్తారు?"

అన్నయ్య వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మానేశాడు.

"నలభై రెండని రాయండి," అంది అమ్మ. "నా కళ్ళకి అంతే కనిపిస్తున్నాడు. అడిగితే నేనొచ్చి చెబుతాను."

ముందు నవ్వింది అన్నయ్యే. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అమ్మ బాగున్న చేత్తో అతని చెంప పట్టుకుంది. "ఆ రోజు ఊరికే కొట్టాన్రా నిన్ను," అంది. నలభై ఏడేళ్ళ మనిషి ఆ చేతిలో ముఖం పెట్టి, "గట్టిగానే కొట్టావమ్మా," అన్నాడు. తర్వాత తలెత్తి మెట్ల వైపు చూసి, "బావా, పెట్టె లోపల పెట్టేసి రండి. మేస్టారికి నేను ఫోన్ చేసి చెబుతాను," అన్నాడు.

మధ్యాహ్నం వాళ్ళు వెళ్ళిపోయాక అమ్మ నిద్రపోయింది. చిట్టి వంటింట్లో గిన్నెలు తోముతోంది. తోముతూ తోముతూ ఉండగా కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆయన గుమ్మంలోంచి చూసి కంగారుగా లోపలికొచ్చాడు.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు," అంది చిట్టి, మోచేత్తో ముఖం తుడుచుకుంటూ. "పొద్దున్నుంచి ఏదో అయిపోతుందని బిగపట్టుకుని ఉన్నాను. ఏమీ కాలేదు. అందుకే."

ఆయనకి అర్థమైంది. పక్కన నిలబడి, ఆమె తోమిన గిన్నెలు ఒక్కొక్కటే కడిగి బోర్లించాడు. ఆఖరి గిన్నె అయ్యాక కూడా కదలలేదు. ఏదో చెప్పాలని నోటిదాకా తెచ్చుకుని మింగేయడం ఆమెకి కనిపిస్తూనే ఉంది. తొందర పెట్టలేదు.

"రొట్టెలు కాల్చే ఆవిడ," అన్నాడు చివరికి. "ఆవిడ పేరు ఎవరికీ చెప్పలేదు. ఆ పేరు పలికి ఎన్ని ఏళ్ళయిందో కూడా తెలియదు. ఆవిడ గురించి చెబితే మీకు కష్టంగా ఉంటుందేమో."

చిట్టి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. పీట ఆయన వైపు జరిపి, తను గోడకి ఆనుకుని నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"మొదటి నుంచీ చెప్పండి," అంది. "ఈ పూట నాకు వేరే పనేమీ లేదు."